చివర లేని వాలు మీద

నేను ఒక వడ్లగింజను. దంచుకుందామని చూడకండి, నాలో ఊకా లేదు, బియ్యమూ లేదు. కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్లో పుట్టాను. నన్ను పుట్టించింది, వాలు మీద వడ్లు ఎలా జారతాయో లెక్కగట్టే వినీల అనే పరిశోధక విద్యార్థిని.

మొదట నన్ను గోళీలా చేసింది. "గుండ్రంగా ఉంటే లెక్క తొందరగా తేలుతుందమ్మా," అన్నది ఆమె గైడు దీక్షితులు గారి సలహా. తన తొందర కోసం మనిషి గింజ ఆకారాన్నే మార్చేయగలడు! వినీలకు మాత్రం మనసొప్పలేదు. ఐదు గోళీలు వరుసగా అతికించి నన్ను పొడుగు చేసింది. అప్పటి నుంచి వేల తోబుట్టువులతో కలిసి వాలు మీద జారడమే నా ఉద్యోగం.

కంప్యూటరుకు భారం తగ్గాలని ఆమె వాలులో చిన్న ముక్కే కట్టింది. కింది అంచు దాటితే మళ్లీ పై అంచున తేలతాను. ఈ రంగంలో అందరూ చేసే పనే అది. అడ్డే లేని లోకంలో ఆగకుండా జారినందుకు మాకు బోలెడంత మంచి పేరొచ్చింది. "ఈ వాలులో గింజ ఆగదు," అని వినీల తేల్చేసింది. ఆ మాట నమ్మి మండపేటలో సుబ్బిరాజు గారు తన మిల్లులో వడ్లు జారడానికి కొత్త రేకు కాలువ చేయించారు. అది పనిచేస్తే వినీలకు డాక్టరేటు. లేదంటే నాలుగేళ్ల కష్టం నీళ్లపాలు.

మొదటి రోజే కాలువ కింది మూతి దగ్గర అసలు గింజలు అడ్డదిడ్డంగా పడి బిగుసుకుపోయాయి.

"ఆగవన్నారు కదండీ! కర్రెట్టి పొడిచినా కదలట్లేదండీ బాబూ!" ఫోన్లో సుబ్బిరాజు గారి గొంతు ల్యాబంతా వినిపించింది.

వినీల తెర మీద నా వాలును మళ్లీ నడిపించి చూసింది. నాకు సిగ్గేసింది. నేను జారింది నిజమే, కానీ నా వాలుకు మూతే లేదు కదా!

"వడ్లలో తేమ ఎక్కువైందని రాసెయ్యమ్మా. థీసిస్ ఎందుకు ఆపుకోవడం?" అన్నారు దీక్షితులు గారు.

"తేమ కాదు సార్. నేను చివర కట్టలేదు."

ఆ మాటతో ఆమె డాక్టరేటు ఏడాది వెనక్కి పోయింది. వాలుకు చివర కట్టింది, అక్కడ మిల్లులో ఉన్నంత మూతి పెట్టింది. ఈసారి నేను పైకి తేలలేదు. పక్కగింజ నా నడుముకు అడ్డం పడింది, నేను ఇంకోదానికి అడ్డం పడ్డాను. అందరం ఆగిపోయాం.

"ఇరుక్కున్నాయి సార్!" అని వినీల కుర్చీలోంచి లేచి అరిచింది. తన లెక్క తప్పని తేలినందుకు అంత సంబరపడిన మనిషిని చూడడం నాకదే మొదటిసారి.

తర్వాత మూతి ఎంత వెడల్పుంటే మేం కదులుతామో కనుక్కుని, మండపేట వెళ్లి రేకు కోయించింది. ఇప్పుడక్కడ వడ్లు జారుతున్నాయట. నేను మాత్రం ఆమె థీసిస్‌లో ఒక బొమ్మలో, ఆ ఇరుకులోనే ఉన్నాను. ఆ పేజీ తీసేస్తే పరువు దక్కుతుందని దీక్షితులు గారు ఎంతో చెప్పి చూశారు. వినీల తీయలేదు.