పెరటి మట్టి

నా భార్యను మందుల కంపెనీ చంపింది. చంపిన మట్టిని ఇంటికి మోసింది నేను.

కంపెనీలో మందు తయారయ్యాక మిగిలిన నీళ్లు మా తొట్లలోకి వస్తాయి. పైనీళ్లు తేరి కాలువలోకి పోతాయి. అడుగున మడ్డి మిగులుతుంది. దాన్ని ఎత్తి ఎండబెట్టడం నా పని. ఎండిన మడ్డిని దూరంగా పంపి కాల్పించాలని నియమం. కాల్పించడం ఖర్చు. అందుకని మేనేజరు, "పెరటికి బ్రహ్మాండమైన ఎరువయ్యా, పట్టుకెళ్లండి" అన్నాడు. పట్టుకెళ్లాం. మందు కలిసిన ఎరువు కదా, మొక్కలకు రోగం రాదని నవ్వుకున్నాం కూడా. మా వాడలో మడ్డి పడని పెరడు లేదు. కాయలు బాగానే కాశాయి.

టమాటా మడిలో పార తగిలి ఆమె కాలు తెగింది. వాచింది. ఆసుపత్రిలో మా కంపెనీ మందే ఎక్కించారు. పనిచేయలేదు. ఇంకా పెద్ద మందు ఎక్కించారు. అదీ పనిచేయలేదు. "ఈ క్రిములు మందుకు అలవాటు పడిపోయాయి" అన్నాడు డాక్టరు. ఎక్కడ అలవాటు పడ్డాయో ఆయనకు తెలియదు. నాకు తెలిసింది.

ఆమె పోయాక కంపెనీ ఇంకో షెడ్డు కట్టడానికి అనుమతి అడిగింది. నీళ్లలో, మట్టిలో మందు ఎంత మిగులుతోందో, దానివల్ల ఎంత ముప్పో తేల్చమని ప్రభుత్వం ఒక అధికారిణిని పంపింది. ఆమె కాలువ నీళ్లు పట్టింది. ప్రహరీ లోపలి మట్టి తీసింది. మడ్డంతా కాల్పించేస్తున్నామని మేనేజరు చెప్పడంతో వాడవైపు రాలేదు.

ఆ సాయంత్రం కార్మిక సంఘం గదిలో కూర్చున్నాం. సంఘం నాయకుణ్ణి అందరూ గుండు అనే పిలుస్తారు. అతనే మొదలుపెట్టాడు.

"మన పెరళ్ల మట్టి పరీక్షకు పోకపోతే ముప్పేమీ లేదని రాసేస్తారు. మనమే చెప్పాలి."

బాయిలరు మనిషి లేచాడు. "చెబితే కంపెనీ సరుకు ఎత్తుకెళ్లామని దొంగతనం కేసు పెడతారు. నీకేం గుండూ, పెళ్లాం పిల్లలు లేనోడివి."

"జుట్టు కూడా లేనోణ్ణే. అయితే ఏంటి?"

అందరూ నవ్వారు. ప్యాకింగులో పనిచేసే నా మరదలు నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"బావా, నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావ్?"

"ఇంటికి తెచ్చింది నేనే. ఏ మొహంతో మాట్లాడను?"

"నువ్వొక్కడివే తెచ్చావా? మా పెరట్లో పోసింది నేను కాదా? నా కూతురు ఆ మట్టిలోనే ఆడుతోంది. నీ ఏడుపు నువ్వు దాచుకుంటే రేపు దాని కాలికి ఏం ఒరుగుతుంది, చెప్పు!"

బాయిలరు మనిషి మెల్లగా అన్నాడు: "మా అమ్మకు కాళ్ల పగుళ్లు. రోజూ అందులోనే తిరుగుతుంది."

"ఒక్కడు చెబితే దొంగంటారు" అన్నాడు గుండు. "అందరం చెబుదాం. ఎంతమందిని అంటారో చూద్దాం."

పొద్దున్నే వాడంతా బకెట్లతో, గంపలతో మట్టి తవ్వి తెచ్చి గేటు ముందు గుమ్మరించింది. అధికారిణి జీపు ఆగిపోయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటీ చెత్త?"

"మీ ఎరువే సార్."

"నేనెవడికిచ్చాను? ఎవడు ఎత్తుకెళ్లాడో ముందుకు రమ్మనండి!"

నేను ముందుకు వెళ్లాను. "నేను."

"నేను సార్." "మా ఆయనా, నేనూ." "నేను సైకిలు మీద తీసుకెళ్లా. తాడు గట్టిగా కట్టుకోమని మీరే చెప్పారు కదా!"

మేనేజరు అధికారిణి వైపు తిరిగాడు. "మేడం, ఇందులో మిగిలే మందు మాత్రలో వెయ్యోవంతు ఉండదు. దానికి మనుషులు చస్తారా?"

"మనిషి చావడు. క్రిమి కూడా చావదు" అంది ఆమె. "చావకుండా బతకడం నేర్చుకుంటుంది. ముప్పు అక్కడే." మా వైపు చూసింది. "మీరు తెచ్చింది లెక్కలోకి రాదు. నేనే తవ్వి తీయాలి. ఎవరింట్లో మొదలుపెట్టను?"

"మా ఇంట్లో" అన్నాను.

టమాటా మడి చూపించాను. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా అని అధికారిణి అడిగింది. కాలు సంగతి, మందుల సంగతి చెప్పాను.

"ఈ మట్టి వల్లేనని నేను రుజువు చేయలేకపోవచ్చు" అంది.

"మీ పరీక్ష మీరు చేయండి. నా సంగతి నాకు తెలుసు."

మట్టి సీసాలకు సీలు వేసి ఆమె వెళ్లాక పోలీసులు వచ్చారు. నన్ను, గుండుని, బాయిలరు మనిషిని వ్యాను ఎక్కించారు. నా మరదలు తలుపు పట్టుకుంది. "నన్నొదిలేస్తారేం? నేనూ మోశాను!" అందరూ వ్యాను మీద పడ్డారు. అందులో చోటు లేదు. వాడంతా వ్యాను వెనకాలే స్టేషనుకు నడిచింది. ఆ రోజు కంపెనీలో యంత్రం తిరగలేదు.

మా మీద దొంగతనం కేసు నడుస్తోంది. మందుల కంపెనీలున్న ఊళ్ల నుంచి కార్మికులు వస్తున్నారు, విద్యార్థులు వస్తున్నారు. మడ్డి ఎలా ఉంటుందో, ఎక్కడ తవ్వాలో మీరూ అడగండి. మీ ఊరొచ్చి చూపిస్తాను. మీటింగులో నా భార్య గురించి చెప్పమంటున్నారు, జనం కదులుతారట. ఆసుపత్రి మంచం మీద ఆమె నన్నొక మాట అడిగింది. అది మీకు చెప్పను. ఆమె గురించి చెప్పింది ఇంతే. ఇక ఎవరికీ, ఎప్పుడూ చెప్పను.