రెండు కాపీలు

అయిదు బళ్ల లైబ్రేరియన్లు ప్రతి శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకరినొకరు చూసుకునే ఏర్పాటు ఒకటుంది. పై ఆఫీసువాళ్లు దానికి పెట్టిన పేరు చాంతాడంత. జరిగే పని మాత్రం మామూలుదే. వచ్చే వారం ఏ టీచరు ఏ పాఠం చెబుతున్నారు, దానికి పనికొచ్చే పుస్తకం ఎవరి దగ్గరుంది, పిల్లల ట్యాబుల్లోకి ఏ బొమ్మలు ఎక్కించాలి, ఇవీ మాటలు. అయిదుగురిలో ఒకావిడ ఇంటినుంచి మాట్లాడుతుంది, మైకు ఆపడం ఏనాడూ గుర్తుండదు. అందుకని ఆవిడ అందరికీ మైకు మేడం అయిపోయింది.

మిగిలినవాళ్లలో ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు. వాళ్లని పెద్దమేడం, చిన్నమేడం అంటారు. ఈ మీటింగంటే చిన్నమేడం వారమంతా కాచుకుని ఉంటుంది. ఎవరైనా అడిగితే మాత్రం "అబ్బ, మళ్లీ శనివారం వచ్చిందా" అని విసుక్కుంటుంది. తెరమీద అగ్గిపెట్టంత గడిలో అక్క కనిపిస్తుంది. కళ్లజోడు మార్చింది, ఎప్పుడు మార్చిందో తెలియదు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది. అక్క ఒంట్లో ఎలా ఉందో ఆ గడిలోంచి చూసి పోల్చుకోవలసిన గతి పట్టింది చెల్లెలికి.

"మీ దగ్గర అట్లాసులు ఎన్నున్నాయండీ?" అని అడుగుతుంది అక్క. ఒక కంచంలో తిని, ఒక దుప్పట్లో పడుకున్న చెల్లెల్ని పట్టుకుని అండీ అంటుంది. "చూసి చెబుతానండీ" అని చెల్లెలూ అంటుంది. ఆ అండీ విన్నప్పుడల్లా చిన్నమేడం తెరమీంచి చూపు తిప్పేసుకుంటుంది.

తప్పు చెల్లెలిదే, కాదనడానికి లేదు. రెండేళ్ల కిందట వాళ్లమ్మ చిన్నమేడం ఇంట్లో పోయింది. అక్క అప్పుడు మోకాలి ఆపరేషనై మంచంమీద ఉంది. జబ్బు ముదిరిందని చెబితే కుంటుకుంటూ అయినా వచ్చేస్తుంది, కుట్లు ఊడతాయి, ఎందుకొచ్చిన గొడవ అని చిన్నమేడం తనకు తానే తేల్చేసుకుని ఊరుకుంది. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అంది. అక్కగా ఆడిన ఆఖరి మాట అదే. ఎదుటివాళ్ల మంచి తామే చూసేస్తామనేవాళ్లతో వేగడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. పెద్దమేడం తక్కువదేం కాదు, ఆవిడదీ అదే బాపతు. లేకపోతే ఈ పుస్తకం గొడవే వచ్చేది కాదు.

ఈ ఏడు అయిదు బళ్ల పుస్తకాలనూ కంప్యూటర్లో ఒకే జాబితాలోకి చేర్చారు. బీరువాలు కిక్కిరిసిపోయాయి కాబట్టి, ఒకే పాత పుస్తకం రెండు బళ్లలో ఉంటే ఒకటి ఉంచి రెండోది తీసేయాలన్నారు. తీసేసే ముందు అవతలివాళ్లను ఒక మాట అడగండి, తెరమీద మార్పు సాయంత్రానికిగాని కనబడదు అని కూడా చెప్పారు. అందరూ అడిగారు. అక్కచెల్లెళ్లిద్దరే అడగలేదు.

ఆ పుస్తకం ఇంట్లో వస్తువులతో చేసే ప్రయోగాలది. చిన్నప్పుడు దాన్ని చూసే ఇద్దరూ నాన్న కొత్త చెప్పుల పెట్టెకు చిల్లు పొడిచి కెమెరా చేశారు, వీపులు విమానం మోత మోగించుకున్నారు. అది ఉన్నది వాళ్లిద్దరి బళ్లలోనే. అక్కకు ప్రాణం, అక్క దగ్గరే ఉండనీ అనుకుంది చిన్నమేడం. తన కాపీని కంప్యూటర్లో తీసేసి, గేటు దగ్గరకొచ్చిన పాత పేపర్లవాడి బండిలో వేసింది. అదే రోజు అక్కడ పెద్దమేడం కూడా, చెల్లెలికి ఇష్టం కదా అని, సరిగ్గా అదే పని చేసింది. ఇద్దరి తెరలమీదా అవతలి కాపీ భేషుగ్గా ఉన్నట్టే కనబడింది.

ఆ శనివారం మీటింగులోకి సైన్సు సారు వచ్చాడు. సోమవారం అయిదు బళ్లలోనూ ఎనిమిదో తరగతికి వెలుతురు పాఠం, ఆ ప్రయోగాల పేజీలు ట్యాబుల్లోకి కావాలన్నాడు. "ఎవరి దగ్గరుందండీ అది?"

"వాళ్ల దగ్గర," అన్నారు అక్కచెల్లెళ్లు ఒక్కసారే.

మైకు మేడం ఇంట్లో కుక్కరు విజిలేసింది.

"మీరు ఉంచుకుంటారని నేను తీసేశానండీ," అంది పెద్దమేడం మెల్లగా.

"నేనూ అలాగే అనుకున్నానండీ."

"అది ఇప్పుడు అచ్చులో కూడా లేదే," అని సారు తల పట్టుకున్నాడు. సోమవారానికి ఏదో ఒకటి చేస్తానని చెప్పి పెద్దమేడం గడి మూసేసింది.

చిన్నమేడం ఖాళీ లైబ్రరీలో అలాగే కూర్చుండిపోయింది. ఇక ఆ అండీ కూడా ఉండదేమో అనిపించి ఏడుపొచ్చింది. అప్పుడు ఫోను మోగింది. అక్క.

"నాకిష్టమని నీ కాపీ తీసేశావు కదూ?" పలకరింపు కూడా లేదు.

"నువ్వూ అంతేగా."

"అంతేలే. గుర్తున్నవన్నీ చెప్పు, టైపు చేస్తాను. బొమ్మలు నువ్వు గియ్యి. నేను గీస్తే పెట్టె కాస్తా గేదైపోతుంది."

చిన్నమేడం కాగితం ముందుకు లాక్కుంది. నీళ్లగ్లాసులో విరిగినట్టు కనిపించే పెన్సిలు, రెండద్దాల పెరిస్కోపు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చెప్పుల పెట్టె దగ్గర పేచీ వచ్చింది.

"వెనకాల ట్రేసింగు కాగితం అంటించాలి," అంది చిన్నమేడం.

"కాదే, నూనె రాసిన కాగితం. ఆ నూనె నా కొత్త పరికిణీమీద ఒలకబోసింది ఎవరనుకున్నావు?"

చిన్నమేడం నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. తరవాత టైపు చప్పుడు ఆగిపోయింది.

"అమ్మ నన్ను అడిగిందా?" అంది అక్క.

చిన్నమేడం దగ్గర జవాబు రెండేళ్లుగా సిద్ధంగానే ఉంది. లేదక్కా, స్పృహే లేదు, నిద్రలోనే పోయింది అంటే సరిపోతుంది, అక్క మనసు తేలికపడుతుంది. అనబోయింది కూడా. అక్కకు ఏది మంచిదో మళ్లీ తనే తేల్చేస్తున్నానని అప్పుడు తోచింది.

"అడిగింది," అంది. "వీధి తలుపు చప్పుడైతే చాలు, పెద్దదొచ్చిందా అనేది. వస్తుందిలే అనేదాన్ని. ఆఖరి రోజు కూడా అడిగింది. అప్పుడూ అదే చెప్పాను."

అక్క పెట్టేసిందేమోనని ఫోను చూసుకుంది. పెట్టలేదు. అటునుంచి అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"ఇంకా చెప్పవే," అంది అక్క. "ఏదీ దాచకు."