దుండగుడి వేషం

జపాన్ బడిలో ఇంగ్లీష్ అసిస్టెంట్ టీచర్‌గా ఉన్న మూడేళ్లూ సేఫ్టీ డ్రిల్‌లో దుండగుడి వేషం నాదే. అక్కడ పరాయి దేశంవాణ్ణి నేనొక్కణ్ణే కదా! హెడ్‌మాస్టర్ ముందురోజే వచ్చి, నడుం వంచి మరీ అడిగేవాడు. నేను రబ్బరు కత్తితో అరుస్తూ వస్తే, టీచర్లు రెండు కొమ్ముల పొడవాటి కర్రతో నన్ను గోడకి అదిమిపట్టేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఇప్పుడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో, జపనీస్ పిల్లల శనివారం బడిలో అదే ఉద్యోగం. గోడకి అదే కర్ర.

నిన్న ఎవడో తెల్లవాడు అద్దం తలుపు బద్దలుకొట్టి, నిజం కత్తితో మా క్లాసులోకి దూరాడు. నేను కర్ర అందుకునేలోగా నా మోచెయ్యి చీరేశాడు. వాడి ఛాతీని కొమ్ముల మధ్య ఇరికించి గోడకేసి గుద్దాను. కత్తి జారింది. దాన్ని బల్ల కిందికి తన్నాను. మళ్లీ గుద్దాను. వాడి తల పగిలింది. ఇంకోసారి గుద్దాను, అవసరమై కాదు, ఒళ్లు మండి.

పోలీసులు వచ్చారు. "డ్రాప్ ఇట్!" అన్నారు. కర్ర వదిలేశాను. అయినా నన్ను నేలకేసి కొట్టి, వీపు మీద మోకాలు పెట్టారు. పన్ను ఊడింది. వాణ్ణి మాత్రం కుర్చీలో కూర్చోబెట్టి, "ఆర్ యూ ఓకే, సర్?" అన్నారు.

ఆఫీస్‌లో పనిచేసే త్రివేణి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. "హీ ఈజ్ అవర్ టీచర్!" అని గొంతు చించుకుంది. ఎవరూ వినలేదు. "కదలకు కౌశిక్, షూట్ చేస్తారు నాన్నా!" అంది ఏడుస్తూ.

కదల్లేదు. జపాన్‌వాళ్లే నయం, వేషం వేస్తావా అని ముందు అడిగేవాళ్లు.