తొలికాపు సొరకాయ

ఆ శ్రావణ శుక్రవారం పొద్దున వసుమతి కోసిన సొరకాయ ఆ పాదుకు తొలికాయ.

నాంపల్లి స్టేషను వెనక సందులో, మూడు వాటాల పెంకుటింట్లో, వాళ్ల వాటా వెనక చాప పరిచినంత మట్టి నేల ఉంది. అందులో నాలుగు గోంగూర మొక్కలు, రెండు వంగ మొక్కలు, గోడవారన సొరపాదు. పందిరికి కర్రలు దొరక్కపోతే కొబ్బరితాడు వలలా అల్లి గోడమేకులకు కట్టింది. నర్సాపురంలో చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన వేళ్లు ఆమెవి. దారమైనా తాడైనా వాటికి ఒకటే.

గింజలిచ్చింది పక్క వాటా కిష్టవ్వ. ఆమె తమ్ముడు మొగులయ్య, నీళ్లు పోసుకునే బుర్ర చేసుకొమ్మని మెదక్ దగ్గరి ఊరినుంచి ఒక ఎండిన సొరకాయ తెచ్చిపెట్టాడు. దాని మెడ కోసి దులిపితే గుప్పెడు గింజలు రాలాయి. "ఏసి సూడు బిడ్డా, మొలుస్తె మొలుస్తది" అని గోడమీదుగా వసుమతి చేతిలో పోసింది.

ఊళ్లో ఉన్న ఆ తమ్ముడు తప్ప కిష్టవ్వకు ఎవరూ లేరు. ఆబిడ్స్‌లో రాజయ్య అనే దర్జీ కొట్టు అరుగుమీద కూర్చుని గుండీలు కుడుతుంది, మిగిలిన గుడ్డముక్కలతో బొంతలు కుడుతుంది. వసుమతికి నాలుగో నెల అని తెలిసిన రోజే ఆమె పాత చీరలు రెండు అడిగి పట్టుకుపోయింది. "నీ బిడ్డకు మెత్తటి బొంత కుడుత. అంచుకు నువ్వు నీ అల్లిక అల్లియ్యాలె" అంది. వసుమతి ఆ అంచు అప్పటికే సగం అల్లింది.

తొలికాపు దేవుడిది. అందుకని ఆ శుక్రవారం సొరకాయ ముక్కల్లో పాలు పోసి, చిన్న బెల్లంముక్క వేసి కూర వండింది వసుమతి. పులిహోర కూడా కలిపింది. వండినదేదీ నోట్లో వేసుకోలేదు. నైవేద్యానికి వండేది రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో వాసన బట్టి తెలుసుకోవడం ఆమెకు అమ్మ నేర్పిన విద్య. భర్త వరప్రసాద్ గంట వాయించి, హారతిచ్చి, డబ్బాలో పులిహోర మాత్రం పెట్టించుకుని సెక్రటేరియట్‌కు పరుగెత్తాడు. కిష్టవ్వ పనికి బయల్దేరుతుంటే వసుమతి పిలిచి గిన్నెడు కూర ఇచ్చింది.

"ప్రసాదం అవ్వా. మీ గింజల కాయే."

కిష్టవ్వ గిన్నెను కళ్లకద్దుకుంది. "పనికాడ తింట బిడ్డా" అని కొంగు చాటున పెట్టుకుని వెళ్లింది.

పన్నెండింటికి వసుమతి ఆకు వేసుకుని కూర్చుంది. కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చేదు! గొంతు దిగక ముందే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆమె భయపడలేదు. నెల తప్పినప్పట్నుంచీ నోరంతా చేదే. మంచినీళ్లు కూడా చేదే. ఇదీ అంతే అనుకుని, ఆ ఒక్క ముద్దతో ఆపి, ఆకు పక్కకు జరిపి నడుం వాల్చింది. అరగంట అలాగే పడుకుంది. ఆ అరగంటను ఆమె తర్వాత చాలా ఏళ్లు తల్చుకుంది.

లేచి పులిహోర కొంచెం నోట్లో వేసుకుంది. పులుపు పులుపులాగే, కారం కారంలాగే ఉన్నాయి. చేదు లేదు.

అంటే చేదు నోటిది కాదు, కూరది.

పెరట్లోకి వెళ్లి పాదునుంచి వేలెడు పిందె తుంచి, గోటితో గిల్లి, నాలిక కొనకు ఆనించింది. కుంకుడురసం తగిలినట్టయింది. ఉమ్మేసింది, మళ్లీ ఉమ్మేసింది. నర్సాపురంలో అమ్మమ్మ ప్రతి కాయనూ కోయగానే ఒక ముక్క నాలిక మీద పెట్టుకుని చూసేది. ఎందుకని అడిగితే చెప్పేది: చేదుకాయ విషం. కాలవ గట్టున ఒక ఇంట్లో చేదుకాయ కూర తిని తల్లి, కొడుకు రక్తం కక్కుకుని సాయంత్రానికల్లా పోయారు. చిన్నప్పుడు ఆ కథ విని వసుమతి నెల రోజులు కూరే ముట్టలేదు. ఇన్నేళ్లూ తనూ కాయ కోయగానే నాలికకు ఆనించి చూస్తూనే ఉంది. ఇవాళ ఒక్కరోజు చూడలేదు. దేవుడిదని చూడలేదు.

గిన్నెడు కూర. పనికాడ తింట అంది. ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది.

తలుపు గొళ్లెమైనా పెట్టకుండా సందు చివరికి వచ్చింది. స్టేషను ముందు, ఆమె ఎప్పుడూ ఎక్కే సాయన్న రిక్షా ఉంది.

"ఆబిడ్స్, సాయన్నా! రాజయ్య దర్జీ కొట్టు. తొందరగా పోనియ్!"

"గట్లనే పోత గని, నువ్వు జర నిమ్మళంగ కూసో అమ్మా. కడుపుతోని ఉన్నదానివి. గుంతలున్నయ్ తొవ్వల."

రిక్షా కదిలింది. వసుమతి రెండు చేతులతో పక్క కమ్మీలు పట్టుకుంది. తినకుండా ఉంటే బావుండు. ఇవాళ పనెక్కువై ఇంకా తినకుండా ఉంటే బావుండు. గిన్నె చేయిజారి మట్టిపాలైతే బావుండు. ఒకవేళ తిన్నా ఒక ముద్దతో చేదని పారేసి ఉంటుంది. ఎవరైనా పారేస్తారు. ఎవరైనా! అనుకుంటున్నదల్లా అక్కడ ఆగిపోయింది. గిన్నెను కళ్లకద్దుకున్న కిష్టవ్వ పారేస్తుందా?

ఆబిడ్స్‌లో బట్టల కొట్ల వరస ముందు జనం. రిక్షా ఆగకముందే దిగింది. రాజయ్య కొట్టు అరుగుమీద, గోనెపట్టా పరుచుకుని, కిష్టవ్వ కూర్చునే ఉంది. ఒళ్లో సగం కుట్టిన బొంత. పక్కన గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"ఏందమ్మా, గిట్ల ఉరికొచ్చినవ్?" అంది కిష్టవ్వ.

"అవ్వా, పొద్దున నేనిచ్చిన కూర తిన్నారా?"

"ఒక్క ముక్క ఇడువలె. జర చేదున్నది గని, దేవుని ప్రసాదం గద, కండ్లు మూసుకొని మింగిన."

మిషను ముందునుంచి రాజయ్య నవ్వాడు. "మీ ఆంధ్రోళ్లు కూర గూడ చేదుగ వండుకుంటరేమో అని నేనే అన్న. నాకింత పెట్టవే ముసల్దానా అంటె పెట్టలె. పుణ్యమంత ఒక్కతే కతం చేసింది!"

వసుమతి నవ్వలేదు. కిష్టవ్వ నుదుటి మీద చెమట చూస్తోంది. కిష్టవ్వ ఎడమచెయ్యి పొట్టలోకి గుచ్చి పట్టుకునుంది. మాట మధ్యలో పెదవులు బిగించి, ఏదో మింగి, మళ్లీ మాట్లాడుతోంది.

"కడుపులో నొప్పిగా ఉందా?"

"జరంత తిప్పుతున్నది. నోట్లెకు వస్తున్నది. మింగుతున్న."

"మింగొద్దు! కక్కెయ్యండి అవ్వా. ఆ కాయ మంచిది కాదు. విషపు కాయ. నాకు తెలియలేదు."

రాజయ్య మిషను ఆగింది. కిష్టవ్వ ఆమెవైపు వింతగా చూసింది.

"ప్రసాదం కక్కుతరా బిడ్డా? నా పెనిమిటి పానం పోయెటప్పుడు సుత తీర్థం పోస్తె మింగిండు గని ఊంచలె. నాకేం గాదు. దేవుడు పెట్టింది దేవుడే అరిగిస్తడు."

"కక్కు అవ్వా. దేవుడేమనడు" అన్నాడు సాయన్న, రిక్షా దగ్గర్నుంచి.

"నువ్వు అడిగొచ్చినవా, ఏమంటడో?"

అంటూనే ఆమె వంగిపోయింది. బొంత ఒళ్లోంచి జారింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు పైకి లేచి, మళ్లీ బలవంతంగా కిందికి దిగడం వసుమతికి స్పష్టంగా కనబడింది. వేళ్లసందున చేదు నీళ్లు కారుతున్నాయి. అయినా చెయ్యి తియ్యదు. వసుమతి ఆ చెయ్యి లాగబోయింది. అరవై ఏళ్లు సూదిపట్టిన చెయ్యి, ఇనుములా ఉంది.

ఈ మనిషి నా కళ్లముందే చచ్చిపోతుంది. నేను పెట్టిన తిండి తిని, నా దేవుడి మీద భక్తితో చచ్చిపోతుంది.

"అది ప్రసాదం కాదు" అంది వసుమతి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నైవేద్యం పెట్టలేదు అవ్వా. ఉప్పు సరిపోయిందో లేదోనని ముందే నోట్లో వేసుకుని చూశాను. ఆ చేత్తోనే మళ్లీ కలిపాను. ఎంగిలైంది. దేవుడికి పెట్టడానికి లేక... మీకిచ్చాను."

కిష్టవ్వ కళ్లు ఆమె మొహమ్మీద నిలిచాయి. చెయ్యి కొంచెం పక్కకు జరిపి అడిగింది. "నోట్లేసుకుంటె చేదు తెల్వలేదా?"

"నా నోరు రోజూ చేదే కదా అవ్వా. మీకూ చెప్పాను కదా."

అది నిజమే. నిజం కాబట్టే అబద్ధం కూడా నమ్మేలా ఉంది.

"దేవునికి పనికిరానిది నాకు పెట్టినవా?" అంది కిష్టవ్వ. కోపంగా అనలేదు. కోపంగా అంటే బావుండేది. తర్వాత చెయ్యి నోటిమీంచి జారింది. ఆపే పని ఇక లేదు కాబట్టి ఆపలేదు. రాజయ్య బకెట్ తెచ్చాడు, చెంబులో ఉప్పు కలిపి తెచ్చాడు. వసుమతి ఆమె తల పట్టుకుని తాగించింది, కక్కించింది, మళ్లీ తాగించింది. చివర్లో సన్నటి ఎర్రటి జీర కనిపించింది. అది చూసి సాయన్న కిష్టవ్వను ఎత్తి రిక్షాలో పడుకోబెట్టాడు.

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. వసుమతి వరండా బల్లమీద కూర్చుంది. లోపలినుంచి ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడింది, వాళ్లు తన దగ్గరికి రాకుండా వెళ్లిపోగానే కూర్చుంది. అలా ఎన్నిసార్లో. సాయంత్రం రాజయ్య కబురు చెప్పగా వరప్రసాద్ వచ్చాడు. ఇద్దర్నీ లోపలికి పోనిచ్చారు. కిష్టవ్వ మొహం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కానీ కళ్లు తెరిచి ఉంది.

"చల్లగ బతికిన బిడ్డా. ముందుగాల కక్కిచ్చి మంచిగ చేసిన్రన్నడు డాక్టరు. మీ పెండ్లాం ఎంగిలి నన్ను బతికిచ్చింది సారూ" అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "దేవునికి పెట్టలేదట గద."

"అదేంటి? పొద్దున హారతి నేనే..."

వసుమతి అతని కాలు తొక్కింది. వరప్రసాద్ దగ్గి, "పులిహోరకి ఇచ్చాను" అన్నాడు.

బయటికొచ్చాక అడిగాడు. "ఎందుకు చెప్పావలా?"

"నిజం చెబితే కక్కేది కాదు."

"ఇప్పుడు చెప్పెయ్యొచ్చుగా."

"చెబితే ప్రసాదం కక్కానని ఏడుస్తుంది. జీవితాంతం ఏడుస్తుంది. ఇక చెప్పడం కుదరదండీ."

"మరి దేవుడు?"

దేవుడి నైవేద్యాన్ని తన నోటితో ఎంగిలని చెప్పింది. కడుపులో బిడ్డ కదిలే రోజులు దగ్గరపడుతున్నాయి. కదలకపోతే? వసుమతి ఏ పనిలో ఉన్నా చెయ్యి పొట్టమీదికి పోతూనే ఉండేది.

మూడోనాడు కిష్టవ్వ ఇల్లు చేరింది. సంగతి అంతకుముందే సందంతా తిరిగింది. కొళాయి దగ్గర ముందు వాటా కోటేశ్వరమ్మ బిందె కడుగుతూ అంది: "దేవుడికంటే ముందు నోట్లో వేసుకునే ఆచారం మీ నర్సాపురం వైపు ఉందేమోనమ్మా, మా గుంటూరు వైపు ఎరగం." వసుమతి బిందె నింపుకుని తలొంచుకుని వచ్చేసింది. నిజం చెప్పుకునే దారేది? కిష్టవ్వ చెవిన పడని మాట ఆ సందులో ఒక్కటీ లేదు.

కిష్టవ్వ మాత్రం గోడదగ్గరికి రాలేదు. బొంత సంగతి ఎత్తలేదు. వసుమతి లేసు అంచు పూర్తిచేసి, చుట్టి, గూట్లో పెట్టుకుంది. శుక్రవారం వచ్చింది, పోయింది.

ఆ తర్వాతి బుధవారం గోడ అవతల అలికిడైంది. చూస్తే కిష్టవ్వ నిలబడి సొరపాదును చూస్తోంది. కాయలు మూడు వేలాడుతున్నాయి. తీగ పీకెయ్యడానికి కూడా భయపడి వసుమతి ముట్టుకోలేదు.

"గిది బుర్రకాయ తీగ" అంది కిష్టవ్వ. "నీళ్లకు చేసే బుర్రలన్ని చేదే ఉంటయ్. తినే సోర వేరు. నాకెర్కనే. ఇచ్చిన్నాడు మతిల లేకపాయె." గోడమీద చేతులు ఆనించింది. "ఇత్తులు నేనిస్తి. ఎంగిలి నువ్వు పెడితివి. ఇగ ఒకలనొకలు అనుకునుడేముంది?"

గోడ మీదుగా బొంత వచ్చింది. అంచు తప్ప అంతా అయిపోయింది.

"నీ అల్లిక కుట్టుకో. ఎల్లుండి శుక్రారం గద, ప్రసాదానికి పిలువు. గని బిడ్డా, దేవునికి పెట్టినంకనే పెట్టు."

శుక్రవారం పరమాన్నం వండింది వసుమతి. బియ్యం, పాలు, బెల్లం. ఇందులో చేదెక్కడినుంచి వస్తుంది? గిన్నె దించింది. దేవుడి ముందు పెట్టబోయి ఆగింది. వెనక్కి చూసింది. వరప్రసాద్ స్నానం చేస్తున్నాడు. గరిటె కొనతో ఒక బొట్టు తీసి, ఊది, నాలిక మీద వేసుకుంది. తియ్యగా ఉంది. గొంతు దిగేదాకా ఆగింది. గరిటె కడిగి, గిన్నె తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టింది. వరప్రసాద్ వచ్చి గంట వాయించాడు.

గోడ దగ్గర కిష్టవ్వ చెయ్యి చాపింది. తీసుకునే ముందు అడిగింది.

"గీసారి దేవునికి పెట్టినంకనే తెచ్చినవా?"

"ఔ అవ్వా" అంది వసుమతి.

కిష్టవ్వ కళ్లకద్దుకుని, నిలబడ్డచోటే తినడం మొదలుపెట్టింది. వసుమతి గోడ పట్టుకుని, ఒక్కో ముద్దా ఆ ముసలి గొంతులోంచి దిగడం చూస్తూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.