అడుగు ఎర్రగా ఉన్న గొడుగులు

బావా, బావమరిదీ అడవిలో పుట్టగొడుగులు ఏరి హోటళ్లకు అమ్మేవారు. ఆ ఉదయం బావమరిది ఒక్కడే వెళ్లి, అరచేతికి మించిన టోపీలున్న లావుపాటి గొడుగులు బుట్టనిండా తెచ్చి షెడ్డులో బల్ల మీద దించాడు.

బావ ఒకదాన్ని తిరగేశాడు. టోపీ కింద రేకులకు బదులు స్పాంజిలా సన్నటి రంధ్రాలున్నాయి. మంచి రకానికీ అలాగే ఉంటాయి గానీ, అవి తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. ఇవి నెత్తురులా ఎర్రగా ఉన్నాయి. కత్తితో కోస్తే లోపలి కండ చూస్తుండగానే నీలంగా మారింది.

"ఇవి విషంరా. పారెయ్."

"నువ్వు తెస్తే బంగారం, నేను తెస్తే విషమా?"

బావ బుట్టను నేలకేసి కొట్టి బూట్లతో తొక్కేశాడు. బావమరిది అతని మూతి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి పడింది. చొక్కా పట్టుకుని గోడకేసి బాదాడు. అప్పటికీ కసి తీరక, "తిని చూపిస్తా చూడు!" అంటూ నలిగిన ముక్కొకటి నోట్లో కుక్కుకుని మింగేశాడు.

బావ అతన్ని కింద పడేసి, గుండెల మీద మోకాలు పెట్టి, దవడలు బలవంతాన విడదీసి గొంతులోకి వేళ్లు దూర్చాడు. బావమరిది ఎముక దాకా కొరికాడు. బావ కేక పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు. చివరికి బావమరిది అంతా కక్కేశాడు.

ఆసుపత్రిలో బావ వేలికి కుట్లు పడ్డాయి. అది ఇక వంగదన్నాడు డాక్టరు.

"అంతలా కొరికితే చెయ్యి తియ్యొచ్చుగా బావా?" అని పక్క మంచం మీంచి అడిగాడు బావమరిది.

"తీస్తే మీ అక్కకి ఏం చెప్పనురా, వెధవా?"

బావమరిది దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు.