ఇరవయ్యో సీసా

రెండేళ్ళుగా టైలరు మాస్టారు తన కొట్టుని ఒక్క నిమిషం కూడా నిశ్శబ్దంగా ఉండనివ్వడం లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆయన మొదట చేసే పని మెషీనుకి నూనె వెయ్యడం కాదు, టేప్‌రికార్డరు మీట నొక్కడం. పాట నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది చూశారూ, తంటా అంతా దాంతోనే. ఆ ఖాళీలో, వెనక తెర అవతల్నుంచి, టప్పుమని దారం తెగిన చప్పుడు వినిపిస్తుంది. కత్తెరతో తెగిన చప్పుడు కాదు, పంటితో తెంపిన చప్పుడు.

తెర అవతల ఎవరూ లేరు. ఓ ముక్కాలి పీట, సూదుల డబ్బా, మేకుకి వేలాడే ఓ చలికోటు, అంతే. ఆ పీట మీద కూచుని కాజాలు కుట్టి, గుండీలు బిగించి, దారాన్ని పంటితో తెంపే మనిషి వారం రోజుల జ్వరంతో పోయి రెండేళ్ళయింది. ఆవిడ మాస్టారి భార్య. కొట్టుకొచ్చే వాళ్ళంతా కాజాలక్క అనేవాళ్ళు. "కత్తెర ఎదురుగా పెట్టుకుని ఆ పళ్ళరగదీసుకోవడం దేనికే" అని ఆయన ముప్ఫయ్యేళ్ళు విసుక్కున్నాడు. ఇప్పుడా చప్పుడు చెవిన పడితే భయమేసి, టేపుని గబగబా తర్వాతి పాటకి పరిగెత్తిస్తున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చెక్కిందంటారు, లేదంటే పాపం అంటారు. రెండూ ఆయనకి గిట్టవు.

ఇక ఆ టేపు సంగతి. తొంభై నిమిషాల క్యాసెట్టు, ఎనభైల నాటి సినిమా పాటలు ఇరవై. పందొమ్మిది పాటలు మాస్టారు ఏరి, కాగితం మీద రాసి, రికార్డింగు షాపులో ఇచ్చి వచ్చాడు. క్యాసెట్టు తయారయ్యాక కాజాలక్క వెళ్ళి తెచ్చింది. చూస్తే రెండో వైపు చివర ఇరవయ్యో పాట ఒకటి ఉంది. మిగిలిన టేపు వృథా కాకుండా షాపువాడు కొసరుగా వేసుంటాడని మాస్టారు అనుకున్నాడు. ఆ పాట వయొలిన్లతో మొదలవుతుంది. అలా ఇలా కాదు, ఇంట్లో ఎవరో పోయినట్టు. మొదటిసారి వినగానే ఆయన మొహం చిట్లించి, "కొట్లో ఈ ఏడుపేంటి పొద్దున్నే" అని టక్కున ఆపేసి టేపు తిరగేశాడు. అంతే, ఆ రోజు నుంచీ అది ఏడుపు పాట అయిపోయింది. వయొలిను గీయంగానే మీట నొక్కడం ఆయన చేతికి అలవాటైపోయింది.

ఇక ఓట్ల గోల ఏడేళ్ళ కిందట మొదలైంది. ఏ పాట గొప్పదన్న దాని మీద కొట్లో రోజూ తగువే. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు, మాస్టారికి చిన్ననాటి స్నేహితుడు. ఆయనకి రైలు పాట తప్ప మరోటి పాటే కాదు. మాస్టారిది వాన పాట. చివరికి మాస్టారే ఓ ఉపాయం కనిపెట్టాడు. మందుల షాపు నుంచి మాత్రల సీసాలు ఇరవై తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో పాట పేరు అంటించి, అరలో వరసగా పెట్టాడు. ఏడాదికి ఒకసారి ఎవరి పాత బట్టలోంచి వాళ్ళొక గుండీ తెచ్చి, నచ్చిన పాట సీసాలో వెయ్యాలి. పాత ఓట్లు అలాగే ఉంటాయి, కొత్తవి కలుస్తాయి. లెక్క చూసి, అద్దం పక్కన పలక మీద వరస రాస్తాడు. పైనున్న పది పాటల్నీ ఏడాదంతా తిప్పి తిప్పి వేస్తాడు.

"దొంగ ఓట్లు పడితే?" అన్నాడు కండక్టరు అప్పట్లో.

"ఈ ఊళ్ళో నేను ఎరగని గుండీ ఉందా? అరచేతిలో పెడితే చాలు, అది ఎవరి చొక్కాదో, ఏ ఏడు కుట్టానో చెబుతా" అన్నాడు మాస్టారు. గొప్పలకేం గానీ, అది నిజమే.

సీసాల లెక్క మొగుడూ పెళ్ళాలు పంచుకునేవాళ్ళు. పై పది ఆయన బల్ల మీద, కింది పది ఆవిడ తెర వెనక. ఏటా చివర్లో ఆవిడ లోపల్నుంచి అనేది, "ఏడుపు పాటకి ఒకటి పడిందండీ" అని.

"ఎవడమ్మా ఆ మహానుభావుడు? దొరికితే వాడికి ఈ జన్మలో బట్టలు కుట్టను" అనేవాడు ఆయన. కొట్టంతా నవ్వేది. తెర వెనక కూడా నవ్వు వినిపించేది.

ఆవిడ ఓటు ఎటు వేసిందని ఆయన ఎప్పుడూ అడగలేదు. అడగడం దేనికి? "మా ఇద్దరిదీ ఒకటే పాట" అని వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. ఆవిడ కాదనలేదు, అవుననీ అనలేదు, తల వంచుకుని కాజాలు కుట్టుకునేది. ఆవిడ పోయాక ఆ ఒక్క మాటా ఆయనకి ఆసరా అయింది. పలక మీద వాన పాట మొదట ఉన్నంతకాలం ఆవిడ ఇంకా తనతో ఏకీభవిస్తున్నట్టే లెక్క.

ఈ ఏడాది ఓట్లయిపోయాక కండక్టరు పేచీ పెట్టాడు. వాన పాటకి అరవై మూడు, రైలు పాటకి అరవై.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. పోయినవాళ్ళ ఓట్లు తీసెయ్యాలి. హెడ్మాస్టరు పోయాడు, గేటు వాచ్‌మెన్ పోయాడు, ఇంకా ముగ్గురో నలుగురో పోయారు. పోయినవాళ్ళే వరస రాస్తుంటే బతికున్న మేం గుండీలు కోసుకోవడం దేనికి?"

"నీ రైలుని ముందుకి తోసుకోవడానికి మంచి ఎత్తే వేశావు. అందులో మా ఆవిడవి అయిదు ఓట్లున్నాయి. వాటి మీద చెయ్యి వెయ్యమంటావా?"

కండక్టరు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "రైలు పాట కోసం కాదు మాస్టారూ. రెండేళ్ళుగా చూస్తున్నా. మీరు పాట వినడం లేదు, ఆవిణ్ణి కాపలా కాస్తున్నారు. చిక్కి సగమయ్యారు." ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. అది గమనించి కండక్టరే మాట మార్చాడు. "ఇంకోటి, ఆ ఇరవయ్యో సీసా. అక్కయ్య పోయాక కింది పదీ నేనే లెక్కపెడుతున్నానుగా. రెండేళ్ళుగా దాన్లో కొత్తది పడలేదు. ఆ అయిదే. వేసినవాడు ఊరొదిలి పోయుంటాడు, లేదా పోయుంటాడు. ఆ సీసా తీసేద్దాం."

మర్నాడు సెలవు. మధ్యాహ్నం మాస్టారు షట్టరు సగం దించి, టేపు పెట్టుకుని, బల్ల మీద వాన పాట సీసా కుమ్మరించాడు. మిగతావాళ్ళవి తీసేస్తాడు, సరే. ఆవిడవి అయిదూ మాత్రం దారానికి గుచ్చి తన దగ్గరే ఉంచుకుంటాడు, ఎవడడ్డమొస్తాడో చూద్దాం అనుకున్నాడు.

ఆవిడ దగ్గర గుండీలకి కరువా, డబ్బాలోంచి ఏవో వేసుంటుంది. అవి ఎలా పట్టుకోవాలి? మిగతావాళ్ళవి ఏరి పక్కన పెడితే చివరికి మిగిలేవి ఆవిడవే. కళ్ళజోడు సవరించుకుని మొదలెట్టాడు. ఇది హెడ్మాస్టరు తెల్లచొక్కా, ఇది వాచ్‌మెన్ ఇత్తడి గుండీ, ఇది నర్సమ్మది, ఇవి ఏడూ నావే. ఒక్కోటీ యజమాని పేరు చెప్పుకుని పక్కకి జరిగింది. అరవై రెండు, అరవై మూడు. బల్ల ఖాళీ అయిపోయింది. ఒక్కటీ మిగల్లేదు.

మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ అంతే. వాన పాటకి ఆవిడ ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదు. ఏడేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న మాట ఒట్టిదే. ఆయనకి ముందు కోపం వచ్చింది. ఇదేం మనిషి, పక్కనే కూచుని ఒక్క ముక్క చెప్పకూడదూ? రైలు పాట సీసా వంచాడు. లేదు. మూడోది, నాలుగోది, పదోది. బల్ల నిండా గుండీలు. అన్నిటికీ యజమానులున్నారు, వాళ్ళలో ఆవిడే లేదు. పాటకీ పాటకీ మధ్య తెర వెనక టప్పుమంది. ఆయన అటు చూడలేదు. పందొమ్మిదో సీసా కూడా అయిపోయింది.

ఇరవయ్యోది అరలో పెట్టిన రోజు తర్వాత ఆయన ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. బిరడా తీసి అరచేతిలోకి వంచాడు.

అయిదూ ఒకే రకం. పెద్ద నల్ల గుండీలు, మధ్యలో తేనెరంగు చార. పేరు గుర్తు చేసుకోవలసిన అవసరమే లేకపోయింది. అలాంటివి ఊళ్ళో ఆరే ఉన్నాయి. గుండీల షాపువాడి దగ్గర ఆరే ఉంటే ఆరూ కొని, తన చేత్తో ఆవిడ చలికోటుకి కుట్టింది ఆయనే.

తెర తొలగించాడు. కోటు మేకుకి అలాగే ఉంది. మెడ దగ్గర ఒక్క గుండీ ఉంది. దాని కింద అయిదు చోట్ల పిన్నీసులున్నాయి. గుండీలు ఊడిపోలేదు, దారం శుభ్రంగా తెంపి తీసినవి. పంటితో.

అప్పుడు ఒకటొకటే గుర్తుకొచ్చాయి. మొదటి ఏడాది ఓట్ల రోజు, ఆవిడ ఆ కోటు తొడుక్కుని వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది. "ఏవండీ, నాలో ఏం మారిందో చెప్పండి చూద్దాం" అంది. ఆయన తలెత్తకుండా, "పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావు" అన్నాడు. మూడో ఏడు కండక్టరు, "అదేంటి మాస్టారూ, టైలరు పెళ్ళాం కోటుకి పిన్నీసులా" అని వేళాకోళమాడితే, పరువు పోయిందని ఆవిడ మీద కేకలేశాడు. "కుట్టుకుంటాలెండి. ఎక్కడికి పోయాయో మీరు కనిపెట్టకూడదూ?" అంది ఆవిడ నవ్వుతూ. అది జవాబు తప్పించుకోవడం అనుకున్నాడు. ఇటివ్వు, నేను కుడతానని ఒక్కమాట అనలేదు. ఊళ్ళో అందరి గుండీలూ తెలిసిన వాడే.

బయటికొచ్చి టేపు తిరగేసి, చివరి పాటదాకా ముందుకి పరిగెత్తించాడు. వయొలిన్లు మొదలయ్యాయి. కుడిచెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టి ఆపాడు.

వాన పాట అరిగి అరిగి గరగరలాడుతోంది, రైలు పాట వంకర్లు తిరుగుతోంది. ఇదొక్కటీ నిన్న రికార్డు చేసినట్టుంది, ఎవరూ వినలేదు మరి. వయొలిన్లు అర నిమిషం ఏడ్చాయి. ఠపీమని ఆగిపోయాయి. ఓ ఆడగొంతు పకాలున నవ్వింది, డోలక్ అందుకుంది.

అది ఏడుపు పాట కాదు. మొగుణ్ణి ఆటపట్టించే పాట. ఆ ఏడుపంతా ఉత్తుత్తి ఏడుపు, అలిగినట్టు నటన. ఒక్కో చరణంలో ఆమె తన ఒంటి మీదనుంచి ఒక వస్తువు తీసి దాచేస్తుంది. ఓసారి చెవిపోగు, ఓసారి గాజు, ఓసారి ఉంగరం. ఏం పోయిందో కనిపెట్టు చూద్దాం అంటుంది. ఆ మొద్దబ్బాయి జడ మార్చావా అంటాడు, లావయ్యావా అంటాడు. ఆమె నవ్వుతుంది. ఆఖరి చరణంలో వాడికి తడుతుంది. దాచినవన్నీ వెతికి తెచ్చి తనే తొడుగుతాడు, ఇద్దరూ నవ్వుతుంటే పాట అయిపోతుంది.

మాస్టారు బల్ల పట్టుకుని నిలబడిపోయాడు. క్యాసెట్టు తెచ్చిందెవరు? ఆవిడ. కొసరు పాట వేయించిందెవరు? ఇంకెవరు. ఏడాదికో గుండీ తెంపి ఆయన ముందు ఆ ఆటే ఆడింది. పాటలో వాడు నాలుగు చరణాల్లో కనిపెట్టాడు. ఈయనకి అయిదేళ్ళిచ్చింది, సరిపోలేదు.

టేపు అయిపోయి మీట ఠక్కున పైకి లేచింది. రెండేళ్ళలో మొదటిసారి కొట్లో ఏ పాటా లేదు. ఆయన చెవులు రిక్కించి తెరవైపు చూశాడు. ఇప్పుడొస్తుంది. రావాలి. "విన్నానే" అన్నాడు పైకి. "మొత్తం విన్నాను."

ఏమీ రాలేదు. రెండేళ్ళు ఆ చప్పుడికి భయపడి చచ్చాడు, ఇప్పుడు అది ఒక్కసారి వినిపిస్తే చాలనిపించింది. ఎంతసేపు నిలబడినా రాలేదు. కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఆవిడ పీట మీద కూచున్నాడు. కోటు ఒళ్ళో వేసుకుని, పిన్నీసులు తీసి, సూదిలో నల్లదారం ఎక్కించాడు. పోయినవాళ్ళ ఓట్లు తీసెయ్యాలన్నాడుగా కండక్టరు, ఈయన తీసేస్తున్నాడు. ఒక్కో గుండీ నాలుగేసి పోగులతో గట్టిగా బిగించాడు. కత్తెర బల్ల మీద ఉంది, లేచి అందుకోవచ్చు. లేవలేదు. దారాన్ని పళ్ళ మధ్య పెట్టి తెంపాడు. టప్పుమంది. అయిదుసార్లు.

మర్నాడు కండక్టరు వచ్చేసరికి పలక మీద కొత్త వరస ఉంది. మొదట రైలు పాట, తర్వాత వాన పాట. ఆయన ముసిముసి నవ్వులు నవ్వుకుంటూ కిందిదాకా చదివాడు. ఇరవయ్యో పాట ఎదురుగా ఒకటి అని ఉంది.

"అదేంటి? ఆ సీసా తీసేద్దామన్నాం కదా. ఆ ఒక్క ఓటూ ఎవడిది?"

మాస్టారు బల్ల మీంచి తలెత్తలేదు. కండక్టరు ఆయన వంక చూసి, "మాస్టారూ, మీ చొక్కాకి పై గుండీ లేదు" అన్నాడు.

"ఎక్కడికి పోయిందో కనిపెట్టు చూద్దాం" అన్నాడు మాస్టారు. టేపు ఆపే ఉంది. కండక్టరు జవాబు వెతుక్కుంటున్నంతసేపూ ఆయన తెరవైపే చెవి పెట్టి కూచున్నాడు. అటునుంచి ఏ చప్పుడూ రాలేదు.