గోడవైపు తిరిగిన కుర్చీ

కారేపల్లి అవతల మా తండాకు మా అత్తమ్మ ద్వాలి సర్పంచ్‌గా గెలిచింది. తండాలో ఆడమనిషి గెలవడం ఇదే మొదలు. నేను కోడలిగా వచ్చి నెల కూడా కాలేదు. ఊరేగింపులో మా ఆయన రవికుమార్ నా జడలో పడ్డ గులాల్ దులుపుతుంటే, గెలిచింది నేనేమో అనిపించింది.

తొలి మీటింగ్ నాడు మామయ్య భద్రు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

"కుర్చీల నేను కూసుంట. నువ్వు సంతకం పెట్టు. పక్కూర్ల గట్లనే నడుస్తున్నది."

"ఓట్లు నా పేరున పడ్డయి," అంది అత్తమ్మ.

"మరి మా అన్న ముందట కూసుంటవా?"

మామయ్య అన్న గంగయ్య, అంటే మా పెద్దమామయ్య, వార్డు మెంబరు. మా ఇంట్లో ఆడవాళ్లు బావగారి ఎదుట కూర్చోరు, ఆయనతో నేరుగా మాట్లాడరు. ఈ ఒక్కరోజు నిలబడితే ఐదేళ్లూ నిలబడాల్సిందేనని అత్తమ్మకు తెలుసు.

మేం వెళ్లేసరికి పెద్దమామయ్య పంచాయతీ ఆఫీసులో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అత్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని సర్పంచ్ కుర్చీ పక్కన నిలబడింది. మామయ్య మెల్లగా ఆ కుర్చీ వైపు జరిగాడు.

"రవీ, మీ పెదనాయనకు చెప్పు," అంది అత్తమ్మ. "ఆయన ముందు నేను కూసోను. నేను కూసోకుంటే మీటింగ్ కాదు. మీటింగ్ కాకుంటే వాళ్ల గల్లీల కాలిపోయిన బోరు మోటరు బాగుకాదు."

మా ఆయన రెండడుగులు వేసి, అదంతా పొల్లుపోకుండా ఆయనకు అప్పజెప్పాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు కొరికాను.

"కూసోమను," అన్నాడు పెద్దమామయ్య.

"ఆయన చూస్తుండంగ ఎట్ల కూసుంట?"

"పెదనాయనా, నువ్వు చూస్తుండంగ..."

"ఇన్నలేరా."

పొద్దున్నే బిందెలు మోసి మోసి పెద్దత్తమ్మ ఆయన్ని ఎంత తిట్టిందో గల్లీ అంతా విన్నది. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. లేచి, తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

అత్తమ్మ కూర్చుంది. ఇస్త్రీ చొక్కా నలగకుండానే మామయ్య చాయ్ తేవడానికి వెళ్లాడు.

"మోటరు బాగుచేయించాలన్న వాళ్లు చేతులెత్తండి," అంది సెక్రటరీ కళ్యాణి. పెద్దమామయ్య గోడకు రెండు చేతులూ ఎత్తాడు.

"ఒక్క చెయ్యి సాలని చెప్పు రవీ."

ఒక చెయ్యి దిగింది. కాసేపటికి గోడ దగ్గర్నుంచి గొంతు వచ్చింది.

"రవీ, ఈ గోడకు సున్నమేసి ఎన్నేండ్లయిందో సర్పంచ్‌ను అడుగు."

పొద్దటిదాకా తండాలో అందరూ సర్పంచ్ సాబ్ అని పిలిచింది మామయ్యను. చాయ్ గ్లాసులతో ఆయన గడపలోనే ఆగిపోయాడు.

అత్తమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"రాసుకో కళ్యాణి. సున్నం ముచ్చట వచ్చే మీటింగ్‌ల. ముందు ఆయన చూసే గోడకే."